పాట పెట్టిన కూడు

కైఫీయతుల పేరు వినని తెలుగు ఉపాధ్యాయుడు ఉండడు. ఊరూరికిని మనుష్యులను పంపి, కరణాల కవిలెలను, వృద్ధులు చెప్పిన కథలను, గుడిగోడల మీది శాసనములను వ్రాయించి తెప్పించిన కల్నల్ కాలిన్ మెకంజీ తెలుగువారి చరిత్రకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఆ పనిలో ఆయనకు కుడిభుజమై నిలిచినవారు ఏలూరి కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఇంతవరకు పాఠశాలలో చెప్పుకొను విషయమే. ఆ మెకంజీ పుట్టిన ఊరు ఏది, ఆ ఊరి పలుకు ఏది అని అడిగినచో మాత్రము సమాధానము చెప్పగలవారు తక్కువ.

స్కాట్లండు దేశమునకు వాయవ్యముగా అట్లాంటిక్ మహాసముద్రములో దీవుల వరుస ఒకటి కలదు. వానిని హెబ్రిడీస్ అందురు. ఆ వరుసలో ఉత్తరపు కొసన ఉన్న పెద్ద దీవి లూయిస్. దాని రేవుపట్టణము స్టోర్నవే. 1754లో మెకంజీ అక్కడ జన్మించెను. కొంతకాలము ఆ రేవులోనే సుంకపు కొలువు చేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యములో చేరి మద్రాసు వచ్చెను. 1815లో భారతదేశమునకు తొలి సర్వేయరు జనరల్ అయ్యెను. 1821లో కలకత్తా సమీపమున కన్నుమూసెను. పుట్టినగడ్డను మరల చూడలేదు.

కూటికొరకు సముద్రము దాటిన ఆ దీవివాసులలో మెకంజీ మొదటివాడు కాడు, కడపటివాడును కాడు. ఆయన తరువాత నూటయేబది ఏండ్లకు పైగా ఆ దీవుల నుండియు, వాని కెదురుగా ఉన్న హైలాండ్సు కొండసీమ నుండియు జనము తరలిపోవుచునే ఉండిరి. పోయినవారితో వారి భాషయు పోయినది. ఆ భాష పేరు గేలిక్. ‘ఈ భాష మన బిడ్డలకు కూడు పెట్టునా?’ అను ప్రశ్న ఆ సీమలో ప్రతి ఇంట పొయ్యి చుట్టును తిరిగినది. పెట్టదనియే తల్లిదండ్రులు తీర్మానించుకొనిరి. బడియు, ప్రభుత్వమును అదే తీర్పు చెప్పినవి.

గడచిన ఏబది సంవత్సరములలో ఆ తీర్పు తారుమారైనది. ఏ భాష దారిద్ర్యమునకు గుర్తుగా ఎంచబడెనో ఆ భాషలోని పాట, కథ, నేత, నాటకము అక్కడివారికి జీవనోపాధులుగా మారినవి. అది ఎట్లు జరిగినది, ఎంతవరకు జరిగినది, ఇంకను ఏది జరుగలేదు అనునవి ఏ భాషను బోధించువారైనను తెలిసికొనదగిన విషయములు.

ఖాళీ అయిన లోయలు

గేలిక్ ఐర్లండు భాషకు తోబుట్టువు. సుమారు పదిహేను వందల ఏండ్ల క్రిందట ఐర్లండు నుండి వచ్చిన జనముతో స్కాట్లండున అడుగిడి, ఒకప్పుడు ఆ దేశములో అధికభాగమున వ్యాపించినది. రాజాస్థానము, వర్తకము క్రమముగా ఆంగ్లము వైపు తిరుగగా గేలిక్ కొండలకును, దీవులకును పరిమితమైనది. 1746లో కలోడెన్ యుద్ధమున హైలాండ్సు తెగల సైన్యము ఓడిపోవుటతో ఆ సీమ పాతకట్టు సడలిపోయెను. ఆయుధములు పట్టరాదనియు, వారి గళ్ళబట్ట కట్టరాదనియు శాసనములు వచ్చినవి. గళ్ళబట్టపై నిషేధము 1782 వరకు తొలగలేదు. ఈలోగా తెగనాయకులు భూస్వాములైరి. వారి దృష్టిలో నిన్నటి సైనికుడు నేటి కౌలుదారు మాత్రమే. ఉన్నికి ధర పెరిగిన కాలమున లోయలలోని ఊళ్ళను ఖాళీచేయించి అక్కడికి గొర్రెల మందలను తోలిరి. సదర్లండు జమీలోని స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లోను, 1819లోను జరిగిన ఖాళీ చేయింపులను ఆ ప్రజలు నేటికిని మరువలేదు.

వెళ్ళగొట్టబడినవారిలో పలువురు సముద్రతీరమున చేరిరి. తీరములలోను, దీవులలోను జనులు సముద్రపు నాచును కాల్చి బూడిద చేసి అమ్ముకొనుచుండిరి. గాజు, సబ్బు పరిశ్రమలకు ఆ బూడిద అవసరమై ఉండెను. 1815లో ఐరోపా యుద్ధములు ముగిసి విదేశపు సరకు చౌకగా దిగుమతి కాగా ఆ వ్యాపారమును కూలిపోయెను. 1846లో బంగాళాదుంప పైరుకు తెగులు సోకి కరవు వచ్చెను. ఓడల నిండుగా జనము కెనడాకును, ఆస్ట్రేలియాకును తరలిపోయెను. 1886 నాటి చట్టము చిన్నరైతులకు భూమిపై స్థిరమైన హక్కు నిచ్చినది. అప్పటికి జరుగవలసిన నష్టము చాలవరకు జరిగిపోయినది.

ఇక బడి సంగతి. 1872లో స్కాట్లండులో నిర్బంధ విద్యా చట్టము వచ్చినది. అందులో గేలిక్ ప్రసక్తి ఒక్కమాటయైనను లేదు. పిల్లవాడు ఇంటిలో ఒక భాష మాటాడి, బడిలో అడుగు పెట్టిన క్షణమున మరియొక భాషలో మూగవాడై కూర్చుండవలసి వచ్చెను. అనేక పాఠశాలలలో గేలిక్ మాటాడిన పిల్లలు దండనకు గురియైరి. ఉపాధ్యాయులందరు దుర్మార్గులు కారు. వారిలో పలువురు గేలిక్ ఇండ్లలో పుట్టినవారే. ఆంగ్లము వచ్చినచో పిల్లవాడు గ్లాస్గో నగరములోనో, ఓడలోనో, సైన్యములోనో బ్రతుకగలడని వారి నమ్మకము. ఆ నమ్మకము నిజమే. ఆంగ్లము బ్రతుకు నిచ్చినది, అయితే ఊరు విడిచిన తరువాతనే ఇచ్చినది. 1891 జనాభా లెక్కలలో గేలిక్ మాటాడువారు 2,54,000కు పైగా ఉండిరి. 2001 నాటికి వారు 58,652 మంది మాత్రమే మిగిలిరి.

సబ్బుల ప్రభువు కల

ఆ సీమ దారిద్ర్యమును పోగొట్టుటకు ఎవరును ప్రయత్నింపలేదని అనరాదు. వారిలో ఒకని పేరు తెలుగు ఇండ్లకు పరోక్షముగా పరిచితమే. సన్‌లైట్ సబ్బును లోకమంతటికి అమ్మిన లెవర్ కంపెనీ అధిపతి లార్డ్ లెవర్‌హ్యూమ్ 1918లో లూయిస్ దీవిని కొనెను. పూర్వము సబ్బుకు బూడిద నిచ్చిన దీవులలో ఒకదానికి సబ్బుల వర్తకుడే యజమాని యగుట విధివిలాసము. స్టోర్నవేను గొప్ప చేపల పరిశ్రమకు కేంద్రముగా చేయవలెననియు, విమానములతో చేపల గుంపులను కనిపెట్టి పడవలకు తెలుపవలెననియు, చేపలను డబ్బాలలో నింపి ఎగుమతి చేయవలెననియు ఆయన తలపెట్టెను. డబ్బునకు లోటు లేదు, ఉద్దేశమును చెడ్డది కాదు.

అయితే ఆ దీవివాసులు కోరినది ఫ్యాక్టరీ కూలి కాదు, భూమి. మొదటి ప్రపంచ యుద్ధమునకు పోయినవారికి తిరిగి వచ్చిన పిదప భూమి ఇచ్చెదమని ప్రభుత్వము మాట యిచ్చియుండెను. వారు ఆ మాట నమ్మి వచ్చి, దొరల పొలములను ఆక్రమించి గుడిసెలు వేసిరి. తమ చేను, తమ ఆవు, తమ పడవ, సాయంకాలము నలుగురు చేరి కథలు చెప్పుకొను ఇల్లు, ఇవి లేని వేతనము వారికి బ్రతుకుగా తోచలేదు. లెవర్‌హ్యూమ్‌కు ఈ సంగతి బోధపడలేదు. 1923లో ఆయన విసిగి లూయిస్‌ను వదలి పోయెను. పోవుచు దీవిని ప్రజలకే ఇచ్చెదననగా, స్టోర్నవే ప్రాంతపువారు అంగీకరించి ట్రస్టుగా ఏర్పడిరి. ఆ ట్రస్టు నేటికిని నడచుచున్నది. అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో మెటగామా అను ఓడ స్టోర్నవే నుండి సుమారు 300 మందిని కెనడాకు తీసికొనిపోయెను. వారిలో అధికులు యువకులే.

నలుబది ఏండ్ల తరువాత ప్రభుత్వమే రంగములోనికి దిగెను. 1965లో హైలాండ్సు–దీవుల అభివృద్ధి మండలి ఏర్పడినది. ఆ కాలమున అభివృద్ధి యనగా పొగగొట్టమే. కోర్పాఖ్‌లో 1966లో కాగితపు గుజ్జు మిల్లు వెలసినది. ఇన్వర్‌గోర్డన్‌లో 1971లో అల్యూమినియము కర్మాగారము పని మొదలుపెట్టినది. వందలాది కుటుంబములు వానిపై ఆధారపడినవి. గుజ్జు మిల్లు 1980లో మూతపడినది. అల్యూమినియము కర్మాగారము 1981లో మూతపడినది. ముడిసరకు బయటిది, యాజమాన్యము బయటిది, ధర నిర్ణయించు సంతయు బయటిదే. మూసివేయు నిర్ణయమును బయటనే జరిగినది. ఆ ప్రాంతమున మాత్రమే పండునదియు, మరియొకచోటికి ఎత్తుకొని పోరానిదియు నగు సంపద ఏదైన కలదా అను విచారణకు ఇట్టి అనుభవములు దారి తీసినవి.

పెద్ద కొట్టము

ఈ విచారణకు ఒక సమాధానము, ఆశ్చర్యకరముగా, బ్యాంకు వ్యాపారము తెలిసిన వ్యక్తి నుండి వచ్చినది. ఇయాన్ నోబుల్ ఎడింబరోలో వ్యాపార బ్యాంకును స్థాపించినవారిలో ఒకడు. 1972లో ఆయన స్కై దీవి దక్షిణ కొసనున్న స్లేట్ ప్రాంతమున ఒక జమీని కొనెను. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రములోని ఫారో దీవులను ఆయన చూచియుండెను. అక్కడి కొలది జనము తమ చిన్న భాషను విడువకయే సంపన్నులై ఉండుట ఆయన మనసులో నాటుకొనినది. గేలిక్ సీమ పేదయైనది గేలిక్ మాటాడుటచేత కాదనియు, తమ భాష పనికిరానిదని నమ్మి ఆత్మవిశ్వాసము కోల్పోవుటచేత ననియు ఆయన వాదించెను. తాను పెద్దవాడైన తరువాత గేలిక్ నేర్చుకొని, తన హోటలును, తన వ్యాపారమును గేలిక్‌లోనే నడిపించెను. పోర్ట్రీ పట్టణము వద్ద రోడ్డుకు తన భూమి కావలసివచ్చినప్పుడు, దారి సూచికలపై గేలిక్ పేర్లును వ్రాయవలెనని పట్టుపట్టెను.

ఆయన చేసిన పనులలో మిన్న 1973లో ఆరంభమైనది. స్లేట్‌లోని ఓస్టాగ్ అను పొలములో శిథిలమగుచున్న పాత పశువుల కొట్టమున ఒక గేలిక్ కళాశాలను స్థాపింప ఆయన తోడ్పడెను. దాని పేరు సావల్ మోర్ ఓస్టాగ్. ‘సావల్ మోర్’ అనగా ‘పెద్ద కొట్టము’ అని అర్థము. మొదట వేసవి తరగతులు మాత్రమే జరిగెడివి. 1983లో సంవత్సరము పొడుగునను సాగు చదువు ఆరంభమైనది. ఆ మొదటి చదువులో కవిత్వముతో పాటు వ్యాపార నిర్వహణమును చేర్చి, దానిని గేలిక్‌లోనే బోధించిరి. జమాఖర్చులు వ్రాయలేని భాష పూజగదిలోని పటమువలె మిగులునని ఆ కళాశాల పెద్దలు గ్రహించియుండవలెను. నేడది హైలాండ్సు–దీవుల విశ్వవిద్యాలయములో భాగము. ఉపాధ్యాయులు, విద్యార్థులు, పరిశోధకులు, వారికి తిండి వండువారు, ఇండ్లు కట్టువారు, అందరికిని ఆ కొట్టము చుట్టును పని దొరికినది. జనము తగ్గిపోవుచుండిన స్లేట్‌లో మరల కుటుంబములు నిలిచినవి; అక్కడి ప్రాథమిక పాఠశాల గేలిక్ పాఠశాలగా మారినది.

ఇచట ఒక బడిపంతులును స్మరింపవలసి ఉన్నది. ఇరువదవ శతాబ్దపు గేలిక్ కవులలో అగ్రగణ్యుడుగా ఎంచబడు సోర్లీ మక్లెయిన్ 1911లో రాసే అను చిన్నదీవిలో పుట్టెను. 1943లో వెలువడిన ఆయన కవితాసంపుటము గేలిక్ కవిత్వమునకు క్రొత్త త్రోవ చూపినది. ఆయన జీవితములో అధికభాగము ఉపాధ్యాయ వృత్తిలోనే గడచినది. 1956 నుండి 1972 వరకు ప్లాక్‌టన్ గ్రామములో ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా ఉండెను. ఇంటిలో గేలిక్ వినని పిల్లలును ఆ భాషను నేర్చి పరీక్షకు కూర్చుండుటకు వేరుగా ప్రశ్నపత్రము ఉండవలెనని ఆయన పోరాడి సాధించెను. ఆ తరువాత పుట్టిన గేలిక్ ఉద్యోగములకు అర్హులైన యువకులు దొరకుటకు ఇట్టి పనులే పునాది వేసినవి.

దరువు, దారము, పాట

హారిస్ ట్వీడు అను ఉన్నిబట్టను ఎరుగని దర్జీ ఐరోపాలో లేడు. దానిని పుట్టించినది హెబ్రిడీస్ దీవులే. 1993లో దానికొరకు ప్రత్యేకముగా ఒక చట్టమే చేయబడినది. ఆ చట్టము ప్రకారము ఉన్నికి రంగు వేయుట, వడకుట ఆ దీవులలోనే జరుగవలెను. నేత దీవివాసుల ఇండ్లలోనే, యంత్రబలము లేకుండ, నేతగాని శ్రమతోనే జరుగవలెను. అట్లు కానిచో దానిని ఆ పేరుతో అమ్మరాదు. ఒక ఊరి చేతిపనిని ఆ ఊరికే కట్టివేసిన చట్టమిది. కర్మాగారమును ఎత్తుకొనిపోవచ్చును, ఈ మగ్గమును మాత్రము ఎవరును ఎత్తుకొని పోలేరు.

పూర్వము మగ్గము నుండి దిగిన బట్టను తడిపి, పది పన్నెండుమంది స్త్రీలు బల్ల చుట్టును కూర్చుండి, చేతులతో బాది చిక్కబరచుచుండిరి. ఆ బాదుడుకు దరువుగా ఒకామె పాట ఎత్తుకొనగా తక్కినవారు వంతపాడుచుండిరి. తెలుగునాట దంపుళ్ళ పాటలు పుట్టినట్లే అక్కడ ఈ పాటలు శ్రమలో నుండి పుట్టినవి. యంత్రములు వచ్చి ఆ పని పోయినది. పాటలును పోవలసినవే. అయితే జాన్ లార్న్ కేంబెల్, ఆయన భార్య మార్గరెట్ ఫే షా వంటివారు దీవి దీవికి తిరిగి వానిని సేకరించిరి. 1951లో ఎడింబరో విశ్వవిద్యాలయమున ఏర్పడిన స్కాటిష్ అధ్యయన సంస్థ వృద్ధుల గొంతులను శబ్దగ్రహణ యంత్రములలో భద్రపరచినది. 1992లో కేపర్‌కేలీ అను వాద్యబృందము ఇట్టి పాటనొకదానిని క్రొత్త వాద్యములతో పాడగా, అది బ్రిటను దేశమున అమ్ముడగు పాటల పట్టికలో మొదటి నలుబదింటిలో చేరినది. గేలిక్ పాటకు అట్టి స్థానము దక్కుట అదే మొదటిసారి. బట్టను బాదు పని పోయిన తరువాతను ఆ పాట కూడు పెట్టినది.

ఇట్టి ఫలితము ఒక్క బృందముతో వచ్చినది కాదు. 1981లో బారా అను దీవిలో, తమ పిల్లలకు తమ పాటలు రాకపోవుట చూచి నొచ్చుకొనిన కొందరు ఊరివారు ఒక పండుగ ఏర్పాటు చేసిరి. గేలిక్‌లో పండుగను ‘ఫేష్’ అందురు. ఇది చూచి పోవు తిరునాళ్ళ వంటిది కాదు, పిల్లలు నేర్చుకొను పండుగ. కొలది దినములపాటు పిల్లలు చేరి, ఫిడేలు, తిత్తివాద్యము, పాట, నృత్యము పెద్దలవద్ద నేర్చుకొందురు. బారాలో అంటుకొనిన దీపము ఊరూర వెలిగి, నేడు స్కాట్లండులో నలుబదికి పైగా ఇట్టి పండుగలు జరుగుచున్నవి. నేర్పువారికి వేతనము కలదు. నేర్చినవారిలో ప్రతిభావంతులైన యువకులు వేసవిలో బృందములుగా తిరిగి యాత్రికుల యెదుట ప్రదర్శనము లిచ్చి సంపాదించుచున్నారు. 1996 నుండి స్టోర్నవేలో ఏటేట జరుగు హెబ్రిడీస్ సంగీతోత్సవమునకు దేశదేశముల నుండి జనము వచ్చుచున్నారు. వారు ఓడ కట్నము చెల్లింతురు, బసలో దిగుదురు, భోజనము చేయుదురు, పోవుచు ఒక ట్వీడు గుడ్డ కొనుక్కొని పోదురు. పాట వినవచ్చినవాని రూపాయి ఇట్లు పది చేతులు మారును.

బడియు టెలివిజనును ఈ పనికి ఊతమైనవి. 1985లో గ్లాస్గో, ఇన్వర్‌నెస్ నగరములలో రెండు పాఠశాలలలో, 24 మంది పిల్లలతో గేలిక్ మాధ్యమ విద్య ఆరంభమైనది. నేడు ఆ పిల్లల సంఖ్య వేలలో ఉన్నది. 1990 ప్రసార చట్టము గేలిక్ టెలివిజను కార్యక్రమములకు ప్రత్యేక నిధిని కల్పించినది. 2008 సెప్టెంబరు 19న బీబీసీ ఆల్బా అను గేలిక్ వాహిని ప్రారంభమైనది. కెమెరా పట్టువాడు, మాట వ్రాయువాడు, వార్త చదువునామె, వేషము వేయువాడు, వీరిలో పలువురు పూర్వమైనచో ఓడ యెక్కవలసినవారే.

లెక్కలు ఏమి చెప్పినవి?

అర్థశాస్త్రజ్ఞులును ఈ విషయమును తూచి చూచిరి. 1990 తరువాత కొలది సంవత్సరములకే అలన్ స్ప్రౌల్ మొదలగువారు గేలిక్‌ను ఒక ‘పరిశ్రమ’గా భావించి దాని రాబడిని గణించిరి. 1998లో స్ప్రౌల్, డగ్లస్ చామర్స్ కలిసి గేలిక్ కళలకు జనములో గల గిరాకీని పరిశీలించిరి. వారు టిక్కెట్ల అమ్మకములను మాత్రమే లెక్కింపలేదు. కళలను ఆదరించినవారి మనసులో తమ భాషపట్ల, తమ ప్రాంతముపట్ల ఎట్టి మార్పు వచ్చుచున్నదని కూడ విచారించిరి. అభివృద్ధి యనగా రాబడి మాత్రమే కాక, ఆ రాబడితో అచటనే నిలువవలెనను కోరికయు అని వారి పరిశీలన సూచించినది.

2014లో ఆ ప్రాంతపు అభివృద్ధి సంస్థ మరియొక పరిశీలన చేయించెను. గేలిక్‌ను వినియోగించుకొనుట వలన స్కాట్లండునకు ఏటేట రాగల విలువ 8 కోట్ల 16 లక్షల పౌన్ల నుండి 14 కోట్ల 85 లక్షల పౌన్ల వరకు ఉండునని అది అంచనా వేసినది. ఇది చేతికి వచ్చిన సొమ్ము కాదు, రాగల సొమ్ము. ఆ భేదమును మరువరాదు. అయినను ఒక శతాబ్దము క్రిందట దండుగ అనబడిన భాషను గూర్చి ప్రభుత్వ సంస్థయే ఇట్టి అంకెలు ప్రకటించుట చిన్న మార్పు కాదు.

కూడు సరే, గూడు ఏది?

కథ ఇంతటితో ముగిసినచో ఎంతయో బాగుండెడిది. 2022 జనాభా లెక్కలలో స్కాట్లండున గేలిక్ మాటాడువారు 69,701 మంది అని తేలినది. 2001 నాటి సంఖ్య కంటె ఇది ఎక్కువ. చాల కాలముగా తగ్గుచు వచ్చిన అంకె పెరిగినందుకు సంతోషింపవలసినదే. కాని అదే లెక్కలలో మరియొక మాట ఉన్నది. గేలిక్‌కు పుట్టినిల్లని చెప్పదగిన పశ్చిమ దీవులలో ఆ భాష మాటాడువారు సగము కంటె తక్కువైరి. పెరిగినది నగరములలో, బడిలో నేర్చినవారి చేత. తగ్గినది దీవులలో, తల్లియొడిలో నేర్చినవారిలో.

2020లో వెలువడిన ఒక గొప్ప పరిశోధనము ఈ సంగతినే కఠినముగా చెప్పినది. దీవుల గ్రామములలో నిత్యవ్యవహారమున గేలిక్ వాడువారు సుమారు 11,000 మంది మాత్రమే మిగిలిరనియు, వారిలో అధికులు వృద్ధులనియు, ఇట్లే సాగినచో పది సంవత్సరములలో ఊరిభాషగా గేలిక్ అంతరింపగలదనియు ఆ పరిశోధకులు హెచ్చరించిరి. ఆ మాటను అందరును ఒప్పుకొనలేదు. తోసిపుచ్చుటయు ఎవరికిని సాధ్యము కాలేదు.

ఉద్యోగములు వచ్చినవి, పండుగలు వచ్చినవి, టెలివిజను వచ్చినది. మరి ఇంటిలో భాష ఎందుకు తగ్గినది? ఒక కారణము ఇల్లే. పాట విని, కొండలు చూచి మురిసిన యాత్రికులలో ధనవంతులు కొందరు అక్కడనే ఇండ్లు కొనుచున్నారు. వేసవిలో నెల దినములుండి, తక్కిన కాలము తాళము వేయుదురు, లేదా బాడుగకు ఇత్తురు. అందుచేత ఇండ్ల ధరలు పెరిగి, ఆ ఊరిలోనే పుట్టిన యువదంపతులకు ఇల్లు దొరకుట లేదు. గేలిక్ నేర్పు ఉపాధ్యాయుని కొరకు పాఠశాల వేచియున్నను, ఆ ఉపాధ్యాయునికి బస దొరకని సందర్భములు కలవు. గొర్రెల కొరకు ఒకప్పుడు ఖాళీ అయిన ఊళ్ళు నేడు సెలవుల ఇండ్ల కొరకు ఖాళీ అగుచున్నవని దీవులలోని యువకులు వాపోవుచున్నారు. భాష ఆకర్షించిన ధనమే భాషను మాటాడువారిని వెడలగొట్టుట విచారకరము.

రెండవ కారణము మరింత సూక్ష్మమైనది. దారి సూచికమీద, సీసా చీటీమీద, సంగీతోత్సవపు ప్రకటనమీద గేలిక్ కనబడుచున్నంత మాత్రమున అది నోట నానుచున్నట్లు కాదు. విస్కీ అను మాటయే గేలిక్‌లో ‘జీవజలము’ అను అర్థముగల మాట నుండి పుట్టినది. లోకమంతయు ఆ మాటను పలుకుచున్నది గాని గేలిక్ మాటాడుట లేదు గదా! అమ్మకమునకు భాష అలంకారమైన చాలును. బ్రతుకుటకు అది చేపల వలవద్ద, పాల అంగడిలో, తల్లి కోపములో, తాత హాస్యములో వినబడవలెను. పెద్దలు తమలో తాము గేలిక్ మాటాడి, పిల్లలవైపు తిరిగి ఆంగ్లము మాటాడు అలవాటు అనేక ఇండ్లలో ఇంకను పోలేదు. పాత బడి నాటిన బెదురు మూడు తరముల వరకు వచ్చినది.

ఈ సంగతి గ్రహించినవారు పని మానలేదు. ఐగ్ దీవి ప్రజలు 1997లోను, దక్షిణ ఉయిస్ట్ ప్రజలు 2006లోను తమ భూములను జమీందారుల నుండి తామే కొనిరి. భూమి తమదైన చోట ఇల్లు ఎవరికి ఇయ్యవలెనో తామే నిర్ణయించుకొనవచ్చును. 2025లో స్కాట్లండు శాసనసభ చేసిన భాషా చట్టము గేలిక్‌కు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చినది. గేలిక్ బలముగా ఉన్న ప్రాంతములను ప్రత్యేకముగా గుర్తించు అవకాశమును కల్పించినది. ఆ గుర్తింపు కాగితముమీద ఆగిపోవునా, లేక ఇండ్లు, ఓడలు, వైద్యము, పిల్లల సంరక్షణ వంటి మామూలు అవసరముల వరకు దిగివచ్చునా అనుదానిమీదనే చాల విషయము ఆధారపడి ఉన్నది.

కాలిన్ మెకంజీ ఊరూరి కథలను కాగితములకెక్కించుటచేత తెలుగు గ్రామముల గతము దక్కినది. ఆయన పుట్టిన దీవుల పాటలును నేడు శబ్దభాండారములలో భద్రముగా ఉన్నవి. అట్టి భాండారము లేనిచో బారా పిల్లలకు నేర్పుటకు పాటయే ఉండెడిది కాదు. భాండారము గతమును కాపాడగలదు. వర్తమానమును కాపాడవలసినది ఇల్లు. సబ్బుల ప్రభువు ధనము చేయలేని పనిని, అల్యూమినియము చేయలేని పనిని, ఒక పాత కొట్టమును, కొన్ని పాటలును కొంతవరకు చేసి చూపినవి. జనము పోవుచుండిన సీమలో కొందరిని నిలిపినవి. తక్కిన పని స్లేట్‌లోనో, బారాలోనో, మెకంజీ విడిచి వచ్చిన స్టోర్నవేలోనో, సాయంకాలము బడి నుండి ఇంటికి వచ్చిన పిల్లను తల్లి ఏ భాషలో పలుకరించుననుదానిపై ఆధారపడి ఉన్నది. ఆ పలుకరింపు వినబడుటకు ముందుగా ఆ తల్లికి ఆ ఊరిలో ఒక ఇల్లు ఉండవలెను.